మిషన్‌కి వెళ్తే ఆట వదిలేయాలా, కంపానియన్‌తో ఎలా కుదురుతుంది – వెళ్లొచ్చినవాడిగా నా సమాధానం

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా ఇక్కడ పెడతా, వెనకాల వచ్చి చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. నీకు 18 నిండాయి, రాజమండ్రి దగ్గర, జిల్లా అండర్-19 కి ఫాస్ట్ బౌలింగ్ వేస్తున్నావ్, లేటర్ డే సెయింట్స్ చర్చి (మోర్మన్లు అంటారే, అదే) మెంబర్‌వి, మిషన్ కాల్ వచ్చింది, అంటే ఇల్లు వదిలి చర్చి తరఫున సువార్త పనికి వెళ్లమని పిలుపు, రెండేళ్లు. నీ భయాలు నాలుగు. బౌలింగ్ పోతుందేమో, ఫ్రెండ్స్ మర్చిపోతారేమో, ముక్కూమొహం తెలీని కంపానియన్‌తో, అంటే జతగా వేసే తోటి మిషనరీతో, 24 గంటలూ ఎలా ఉండాలి, ఇక చివరిది, క్రికెట్ ఆడితే జనం తొందరగా దగ్గరవుతారు కాబట్టి దాన్ని సువార్త చెప్పడానికి వాడుకోవచ్చా అని.

నేను బెంగళూరు మిషన్‌లో సర్వ్ చేశా, ఎక్కువ కాలం తమిళనాడు వైపు ఏరియాల్లోనే ఉన్నా. తిరిగొచ్చాక బీపీఈడీ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక స్కూల్లో పీఈటీగా పని చేస్తున్నా, మా వార్డులో, అంటే మా స్థానిక చర్చి సంఘంలో, మిషన్‌కి వెళ్లే పిల్లలకి ప్రిపరేషన్ క్లాస్ కూడా చెప్తుంటా. కాబట్టి నీ ప్రశ్నలో ఆట సంగతీ తెలుసు, మిషన్ సంగతీ తెలుసు. ఆట వదలక్కర్లేదు, కానీ నీకు అలవాటైన పద్ధతిలో మాత్రం ఉండదు. బౌలింగ్ స్పీడ్ కొంత తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కంపానియన్ సంగతి నువ్వు అనుకున్నంత భయపడాల్సింది కాదు. నాలుగో ప్రశ్నకి మాత్రం నా సమాధానం వద్దు అనే, ఎందుకో కింద వివరంగా రాస్తా, ఎందుకంటే నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం అదే.

ముందు రూల్స్ సంగతి చూద్దాం. వారంలో ఒక రోజు ప్రిపరేషన్ డే ఉంటుంది, అందరూ పీ-డే అంటారు, మామూలుగా సోమవారం. పేరు విని రోజంతా గ్రౌండ్‌లో ఉండొచ్చు అనుకోకు. పొద్దున స్టడీ ఉంటుంది, తర్వాత బట్టలు ఉతుక్కోవాలి, రూమ్ క్లీన్ చేయాలి, వారానికి సరిపడా కూరగాయలు బియ్యం తెచ్చుకోవాలి, ఇంటికి మెయిల్ రాయాలి, కటింగ్ ఉంటే కటింగ్, ఇవన్నీ అయ్యాక మిగిలేది ఓ రెండు గంటలు, సాయంత్రం ఆరుకల్లా మళ్లీ తెల్లచొక్కా నేమ్ ట్యాగ్ వేసుకుని బయల్దేరాలి. ఆ రెండు గంటల్లోనే దగ్గర్లో ఉన్న ఎల్డర్స్ (అబ్బాయి మిషనరీలని అలాగే పిలుస్తారు) అందరూ ఒకచోట కలిసి ఆడుకుంటారు. లీగులు, టోర్నమెంట్లు కుదరవు, ఒంటికి ఒళ్లు తగిలే ఆటలు కుదరవు, ఈత కూడా కుదరదు. మా టైములో ఉన్న తెల్ల హ్యాండ్‌బుక్‌లో బాస్కెట్‌బాల్ ఫుల్ కోర్టు ఆడకూడదని కూడా ఉండేది. ఇవి కాక మీ మిషన్ ప్రెసిడెంట్, అంటే ఆ ప్రాంతం మిషనరీలందరికీ పెద్ద, సొంతంగా పెట్టే రూల్స్ కొన్ని ఉంటాయి, అవి వెళ్లిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకో, వేరే ఎల్డర్ చెప్పాడు కదా అని నమ్మకు.

ఈ రూల్స్ చూసి చాలామంది పిల్లలు చర్చికి ఆటలంటే ఇష్టం లేదనుకుంటారు. అది కాదు. మిషనరీ ఎప్పుడూ ఒక్కడే ఉండకూడదు కదా, కంపానియన్ కంటికి కనపడేంత దూరంలో ఉండాలి. అంటే నీ చీలమండ మడతపడితే మంచం మీద పడేది నువ్వొక్కడివే కాదు, నీ కంపానియన్ కూడా నీతోపాటు రూమ్‌లో కూర్చోవాలి. ఒకడి దూకుడుకి ఇద్దరి వారం పోతుంది, మిమ్మల్ని భోజనానికి పిలిచిన కుటుంబం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మా జోన్‌లో ఒక ఎల్డర్ సిమెంట్ రోడ్డు మీద డైవ్ కొట్టి మోచేయి విరగ్గొట్టుకున్నాడు, వాళ్ల కంపానియన్ మొహం చూస్తే రూల్ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. అబ్బాయిలు 18 నుంచి 25 మధ్య ఎప్పుడైనా మిషన్ మొదలుపెట్టొచ్చు. ఈ సీజన్ నీకు క్యాంపు ఉంటే, సెలెక్షన్ దాకా వచ్చి ఆగిపోయావనే బాధ జీవితాంతం ఉంటుంది అనిపిస్తే, మీ బ్రాంచ్ ప్రెసిడెంట్‌తో (మీ ఊరి చర్చి సంఘం పెద్దతో) కూర్చుని డేటు వెనక్కి జరపడం గురించి మాట్లాడు, తప్పేం లేదు. మనసు గ్రౌండ్‌లో పెట్టి ఒంటిని మాత్రం మిషన్‌కి పంపిస్తే అటూ ఇటూ కాకుండా పోతావ్. అమెరికాలో మన చర్చి వాళ్లే ఇద్దరున్నారు, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు. షాన్ బ్రాడ్లీ ఏడున్నర అడుగుల మనిషి, కాలేజీలో ఒక్క సీజన్ ఆడి అన్నీ పక్కనపెట్టి ఆస్ట్రేలియాలో రెండేళ్లు మిషన్ చేశాడు, తిరిగొచ్చాక 1993 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేచోట, రెండో నంబర్‌గా తీసుకున్నారు. జబారీ పార్కర్ మిషన్‌కి వెళ్లకూడదని నిర్ణయించుకున్నాడు, 2014 డ్రాఫ్ట్‌లో అతన్ని కూడా రెండో నంబర్‌గానే తీసుకున్నారు. వెళ్లినవాడికీ వెళ్లనివాడికీ అదే స్థానం దొరికింది. కాబట్టి మిషన్‌కి వెళ్తే దేవుడు సెలెక్షన్ ఇస్తాడనే లెక్క ఎవరు చెప్పినా వినకు, అలాగే వెళ్తే కెరీర్ పోయినట్టే అనే మాట కూడా వినకు. నీకు వెళ్లాలని ఉంటేనే వెళ్లు. వయసు సంగతి మాత్రం చూసుకో, తిరిగొచ్చేసరికి అండర్-19 దాటిపోతావ్, అండర్-23 ఉంటుంది, కానీ అక్కడ పోటీ వేరే స్థాయిలో ఉంటుంది.

ఇప్పుడు ఒళ్లు. పొద్దున్నే లేచాక రోజూ అరగంట ఎక్సర్‌సైజ్ టైము ఉంటుంది, అది నీ చేతుల్లో ఉన్నది. చాలామంది ఎల్డర్స్ ఆ అరగంట సగం నిద్రలో పుషప్స్ తీసి ముగించేస్తారు. నువ్వు ఫాస్ట్ బౌలర్‌వి కాబట్టి నీకు కావాల్సింది నడుము, పిక్కలు, భుజం నిలబడటం. స్కిప్పింగ్ తాడు ఒకటి పెట్టుకో, ప్లాంక్, ఒంటికాలి స్క్వాట్లు, మెట్లుంటే పిక్కల రైజులు, నీళ్ల క్యాన్ పట్టుకుని రోయింగ్, టవల్ చివర ముడి వేసి దాన్ని పట్టుకుని నిలబడినచోటే బౌలింగ్ యాక్షన్. పరుగు దగ్గర సమస్య వస్తుంది, కంపానియన్ పరిగెత్తలేనివాడైతే నువ్వు వీధి చివరకి వెళ్లిపోవడం కుదరదు. దానికి మేం చేసిన పని ఏంటంటే ఇంటి ముందు రెండు కరెంటు స్తంభాల మధ్య షటిల్స్, అతను గేటు దగ్గర స్ట్రెచింగ్ చేసుకుంటుంటే నేను అటూ ఇటూ స్ప్రింట్లు, ఇద్దరం ఒకరికొకరం కనపడుతూనే ఉంటాం. నిజానికి ఫాస్ట్ బౌలర్‌కి ఐదు కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తేదానికన్నా ఇదే పనికొస్తుంది. ఇంక రోజంతా నడకా సైకిలే కాబట్టి స్టామినా గురించి బెంగ వద్దు. తిండి గురించి మాత్రం ఒక్క మాట, మెంబర్స్ ఇళ్లలో ప్రేమతో పెడతారు, రాత్రిపూట అన్నం రెండో వడ్డన దగ్గర చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకో.

రెండేళ్లు ఆగితే ఒళ్లు మొద్దుబారిపోతుందా అంటే, కానర్ మాంట్జ్ సంగతి చూడు. అమెరికా మారథాన్ రన్నర్, మిషన్ ఘానాలో చేశాడు. తిరిగొచ్చి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ తరఫున కాలేజీల క్రాస్ కంట్రీ చాంపియన్ అయ్యాడు. అక్కడ అతనితో పాటు ట్రైనింగ్ చేసే ఫ్రెండ్ క్లేటన్ యంగ్, అతనూ మిషన్ చేసినవాడే. 2024 ఫిబ్రవరిలో ఒర్లాండోలో ఒలింపిక్ ట్రయల్స్ జరిగితే ఇద్దరూ చివరిదాకా పక్కపక్కనే పరిగెత్తారు, మాంట్జ్ 2 గంటల 9 నిమిషాల 5 సెకన్లు, యంగ్ దానికి ఒక్క సెకను వెనకాల. ఆ ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో మాంట్జ్ 8వ స్థానం, యంగ్ 9వ స్థానం. మారథాన్ అంటే ఓర్పు ఆట, ఫాస్ట్ బౌలింగ్ వేరు, అది ఒప్పుకుంటా, నీ ఆటలో రిథమ్ పోతే తెచ్చుకోవడం కష్టం. కానీ రెండేళ్లు విరామం అంటే అంతా అయిపోయినట్టే అనేవాళ్లకి ఈ ఇద్దరినీ చూపించు.

కంపానియన్ గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే రెండేళ్లలో నీ రోజు బాగుందా లేదా అనేది గ్రౌండ్ కన్నా దీనిమీదే ఆధారపడి ఉంటుంది. కంపానియన్‌ని నువ్వు ఎంచుకోవు, మిషన్ ప్రెసిడెంట్ ఎంచుతాడు, దాదాపు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి, ఒక్కోసారి అదే మనిషితో రెండు మూడు ట్రాన్స్‌ఫర్లు గడుస్తాయి. నాకు వచ్చినవాళ్లలో ఒకతను నీలగిరి నుంచి, తమిళ్ కుర్రాడు, క్రికెట్ అంటే అస్సలు పడదు, టీవీలో మ్యాచ్ వస్తుంటే మొహం తిప్పుకునే రకం. మాటలు కూడా తక్కువే. నా తమిళ్ అంతంత మాత్రం, అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషులో ఇద్దరికీ సగం సగం. మొదటి రెండు వారాలు అన్నం వండుకున్నాం, తిన్నాం, పనికి వెళ్లాం, ప్రార్థన చేసుకున్నాం, పడుకున్నాం, అంతే, గొడవేం లేదు కానీ స్నేహం కూడా లేదు.

అతను వాలీబాల్ సెట్టర్ అని నాకు ఒక పీ-డే రోజు చర్చి పక్కన ఖాళీ స్థలంలో నెట్ కట్టినప్పుడే తెలిసింది. వాలీబాల్ చూసినవాడివైతే తెలుసుకదా, సెట్టర్ పని పాయింట్ కొట్టడం కాదు, కొట్టేవాడికి బాల్ అందించడం. నాకు ఆ ఆట పెద్దగా రాదు, నెట్‌కి దగ్గరగా బాల్ వస్తే చెయ్యి నెట్‌కి తగులుతుంది, తక్కువ ఎత్తులో వస్తే టైమింగ్ దొరకదు. ఈ విషయం నేను చెప్పలేదు. రెండో సెట్టు మొదలయ్యేసరికి అతనే నెట్‌కి మూరెడు దూరంగా, ఎత్తుగా, నిదానంగా దిగేటట్టు బాల్ లేపడం మొదలెట్టాడు, పక్కవాడికి మాత్రం వేగంగా తక్కువ ఎత్తులోనే ఇస్తున్నాడు. ఎవడికి ఏది కావాలో చూసి ఇస్తున్నాడన్నమాట. అప్పుడు గమనించా, రూమ్‌లో కూడా అతను చేసేది అదే. పొద్దున లేవగానే నాకు మాట్లాడటం ఇష్టం ఉండదు, అందుకే అతను మాట్లాడేవాడు కాదు. నా చొక్కా ఇస్త్రీ లేకపోతే తన చొక్కాతో పాటు నాది కూడా చేసి తలుపుకి తగిలించేవాడు, ఒక్క మాట అనకుండా. ఇన్నాళ్లూ నేను మౌనం అనుకున్నది అతని మర్యాద.

ఆ రోజునుంచి రోజూ పొద్దున అరగంటలో పది నిమిషాలు అతను నాకు వాలీబాల్ పాస్ నేర్పించాడు, ఇంకో పది నిమిషాలు నేను అతనికి టెన్నిస్ బాల్‌తో క్యాచింగ్ ఇచ్చా. నీకు చెప్పొచ్చేదేంటంటే, కంపానియన్‌కి నీ ఆట అంటకట్టకు, ముందు అతని ఆట ఏంటో కనుక్కో, ఆటలే ఇష్టం లేకపోతే ఏది ఇష్టమో కనుక్కో, ఒక పీ-డే నీ ఇష్టం ఒక పీ-డే అతని ఇష్టం అని మొదట్లోనే మాట అనేసుకోండి. గిటార్ అంటే ఇష్టమైనవాడు వస్తే ఆ వారం నీకు గిటార్ రాకపోయినా సరే పక్కన కూర్చో. గ్రౌండ్‌లో వీలైతే ఒకే టీమ్‌లో ఆడండి, అప్పటిదాకా ఇద్దరి మధ్య ఏదైనా చిరాకుంటే అవతల టీమ్‌లో ఉన్నప్పుడే బయటికొస్తుంది, ఒక రనౌట్ దగ్గర మొదలై పాత్రలు ఎవరు తోమాలి దాకా వెళ్తుంది, ఇలాంటివి చాలా చూశా. అసలు కుదరని కంపానియన్ వస్తే? వస్తాడు, ఒకళ్లిద్దరు వస్తారు. ముఖాముఖి చెప్పుకోండి, చెప్పినా కుదరకపోతే మిషన్ ప్రెసిడెంట్‌కి వారం వారం రాసే ఉత్తరంలో నిజం రాయి. అందరితోనూ ప్రాణస్నేహం అయిపోవాలని రూలేం లేదు, మర్యాదగా ఆరు వారాలు గడిపినా అది కూడా మంచి పనే.

ఇంటి దగ్గర ఫ్రెండ్స్ సంగతి. నువ్వు అదృష్టవంతుడివి, 2019 ఫిబ్రవరి నుంచి పీ-డే రోజు వారం వారం ఇంటివాళ్లకి ఫోన్ వీడియోకాల్ చేసుకోవచ్చని మార్చారు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ, మిగతాదంతా మెయిల్సే. మా కాలంలో నా ఫ్రెండ్ ఒకడు, హిందువే, మా చర్చికి వాడికి సంబంధం లేదు, కలిసి టోర్నమెంట్లు ఆడినవాళ్లం, ప్రతి ఆదివారం మా ఊరి మ్యాచ్ స్కోర్ మొత్తం మెయిల్‌లో కొట్టి పంపేవాడు. హలో లేదు, ఎలా ఉన్నావ్ లేదు, ఎవడు ఎన్ని కొట్టాడు, ఎవడు ఎవడి బౌలింగ్‌లో ఔటయ్యాడు, ఎవడు డబ్బులివ్వకుండా ఎగ్గొట్టాడు, చివర్లో ఒక లైను, నీ ప్లేస్‌లో ఫలానావాడు వేస్తున్నాడు వైడ్లు ఎక్కువ అని. ఆ ఒక్క లైను నాకు వారానికి సరిపోయేది. నేను వాడికి దేవుడి గురించి పేజీలు పేజీలు రాయలేదు, నేను ఏం చేస్తున్నానో ఉన్నదున్నట్టు రాసేవాడిని, ఎవరింట్లో ఏం తిన్నాం, ఏ భాష రాక ఏం ఇబ్బంది పడ్డాం ఇలాంటివి. వాడు అడిగినప్పుడు నా నమ్మకం గురించి చెప్పా, అడగనప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ కలుస్తాం. అందరు ఫ్రెండ్సూ ఇలా ఉండరు, కొంతమంది రెండు నెలల్లో రాయడం మానేస్తారు, వాళ్లమీద కోపం పెట్టుకోకు, వాళ్ల చదువులు ఉద్యోగాలు వాళ్లకుంటాయి. వెళ్లేముందే ఒకళ్లిద్దరికి పని అప్పజెప్పు, నాకు స్కోర్లు పంపరా అని. పని చెప్తే రాస్తారు, ఊరికే టచ్‌లో ఉండు అంటే రాయరు.

ఐపీఎల్ గురించి కూడా అడిగావ్. టీవీ చూడటం ఉండదు, ఏప్రిల్ మే నెలల్లో మొదట్లో కష్టంగానే ఉంటుంది, వీధిలో ప్రతి ఇంట్లోంచి కామెంటరీ వినపడుతుంటే నువ్వు తల దించుకుని నడుస్తావ్. స్కోర్ ఎంత అని టీ కొట్టు దగ్గర అడిగితే పాపం ఏం రాదు. కానీ అక్కడే నిలబడిపోవడం మొదలైతే నీకే తెలుస్తుంది.

ఇక నాలుగోది, ఆటని సువార్తకి వాడుకోవచ్చా. దీంట్లో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. ఆడటం కోసం ఆడు, స్నేహం కోసం స్నేహం చెయ్యి. జనాన్ని చర్చికి తెచ్చే వల కింద బ్యాటూ బాలూ పట్టుకెళ్లకు. మన దగ్గర పరిస్థితి నీకు తెలియంది కాదు, చాలా రాష్ట్రాల్లో మతమార్పిడి చట్టాలున్నాయి, చట్టం లేనిచోట కూడా అనుమానం ఉంది, ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, ఆట పేరు చెప్పి స్వీట్ పేరు చెప్పి పిల్లల్ని పోగేసినవాళ్లు ఉన్నారు కాబట్టే పుట్టింది. ఇంకా ముఖ్యమైనది చట్టం కూడా కాదు, అవతలి మనిషి సంగతి. వీడు నాతో ఆడుతున్నాడు అని నమ్మినవాడికి, కాదు నా పేరు ఒక లిస్టులో రాసుకుంటున్నాడు అని తెలిస్తే ఎలా ఉంటుందో నీ విషయంలో ఊహించుకో.

ఒక ఏరియాలో మేం ఉండే వీధి చివర ఖాళీ జాగాలో పిల్లలు ఆడేవాళ్లు, వన్ టిప్ వన్ హ్యాండ్, గోడకి డైరెక్టుగా తగిలితే ఔట్, టీములు సరిపోకపోతే ఒకడు కామన్, మన దగ్గర ఆడినట్టే. పీ-డే రోజు మమ్మల్ని కూడా పిలిచారు, వెళ్లాం. కొన్ని వారాలకి ఒక పిల్లాడి తండ్రి వచ్చి గేటు దగ్గర నిలబడి, మీరు చర్చివాళ్లా, పిల్లలకి ఏమైనా చెప్తున్నారా అని నేరుగా అడిగాడు. నా కంపానియన్ బాల్ పక్కన పెట్టి వెళ్లి, అవునండీ మేం మిషనరీలం, ఇక్కడ ఆడుకోవడానికే వస్తున్నాం, చర్చి మాటలేం చెప్పట్లేదు, మీకు ఇష్టం లేకపోతే రేపటినుంచి రాము అన్నాడు. ఆయన కాసేపు అక్కడే నిలబడి ఆట చూశాడు. పైవారం తనే వచ్చి ఒక ఓవర్ వేశాడు, ఎడమచేతి స్పిన్, బాగా తిప్పాడు. ఆయన చర్చికి రాలేదు, మేం అడగలేదు. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చిన రోజు బస్టాండు దాకా స్కూటర్ మీద లగేజీ తెచ్చి దింపాడు. ఈ సంగతి క్లాసులో చెప్తే కొంతమంది పిల్లలు చివరికి ఆయన బాప్తిస్మం తీసుకున్నాడా అన్నా అని అడుగుతారు. తీసుకోలేదు. అయినా నా మిషన్‌లో నాకు గుర్తున్న మనుషుల్లో ఆయన ముందుంటాడు.

దీనర్థం ఆటకీ మిషన్‌కీ సంబంధం లేదని కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ముందు మన చర్చి మిషనరీలే అక్కడ మోర్మన్ యాంకీస్ అని బాస్కెట్‌బాల్ టీమ్ కట్టి, వచ్చిన ఒలింపిక్ టీములతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడారు. ఇప్పటి రూల్స్‌తో అలాంటివి కుదరవు. వాలీబాల్ సంగతి చూసినా 1895లో విలియం మోర్గాన్ కనిపెట్టింది అమెరికాలో ఒక వైఎంసీఏలోనే (క్రైస్తవ యువకుల సంఘం అది), మన దక్షిణాదిలో పీఈటీ చదువుకి పునాది వేసింది కూడా వైఎంసీఏ మనిషే, హ్యారీ క్రో బక్ అని, 1920లో మద్రాసులో ఫిజికల్ ఎడ్యుకేషన్ స్కూల్ పెట్టాడు. ఆయన పెట్టినచోట ఏ మతం పిల్లలైనా చదువుకున్నారు. ఆటని ఆటలాగే నేర్పించారు, అందుకే ఇన్నేళ్లు నిలబడింది అని నా నమ్మకం.

ఆదివారం మ్యాచ్‌ల గురించి నువ్వు ఒక లైనులో రాసి వదిలేశావ్ కానీ నీ అసలు ఇబ్బంది అక్కడే ఉందనిపించింది. మన దగ్గర లోకల్ టోర్నమెంట్లన్నీ ఆదివారమే. మిషన్‌లో ఆ సమస్య రాదు, తిరిగొచ్చాక వస్తుంది. ఎరిక్ లిడెల్ పేరు వినే ఉంటావ్, మన చర్చి కాదు, స్కాట్లాండ్ వాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం ఉన్నాయని పరిగెత్తనన్నాడు, 400 మీటర్లలో 47.6 సెకన్లతో గోల్డ్ కొట్టాడు. ఈ ముక్క అందరూ చెప్తారు. ఆ తర్వాత సంగతి నాకు ఇంకా ఇష్టం. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లాడు, యుద్ధంలో జపాన్ వాళ్లు వేషియన్ అనేచోట క్యాంపులో బంధించారు, అక్కడ తల్లిదండ్రులకి దూరమైన పిల్లలు చాలామంది. వాళ్లకి పాఠాలు చెప్పాడు, ఆటలు నడిపించాడు, ఆదివారం మాత్రం ఆటలుండవు అన్నాడు. పిల్లలు ఆదివారం తమంతట తామే హాకీ మొదలెట్టి కొట్టుకుంటే, తర్వాతి ఆదివారం ఆయనే వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్స్‌లో తన పతకం కోసం కదలనివాడు, పిల్లలు కొట్టుకోకుండా ఉండటం కోసం కదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ క్యాంపులోనే మెదడులో కణితితో చనిపోయాడు. అలాగే సీటీ స్టడ్ అని ఇంగ్లండ్ క్రికెటర్, 1882లో ఓవల్‌లో యాషెస్ పేరు రావడానికి కారణమైన టెస్టు ఆడినవాడు, 85 కొట్టాల్సిన చోట ఇంగ్లండ్ 77 కి ఆలౌటైతే ఇతను అవతలి ఎండ్‌లో ఒక్క బాల్ కూడా ఆడకుండా మిగిలిపోయాడు. 1885లో కెరీర్ వదిలేసి చైనాకి మిషనరీగా వెళ్లిపోయాడు. ఆయన తన కెరీర్ వదిలాడు, లిడెల్ ఆటని వెంట తీసుకెళ్లాడు, ఇద్దర్లో ఎవరు ఎక్కువ అని నన్నడిగితే చెప్పను, కానీ నీ స్వభావం చూస్తే నువ్వు రెండో రకం. ఆదివారం సంగతి నువ్వే మనసులో తేల్చుకుని కెప్టెన్‌కి ముందే చెప్పెయ్, మ్యాచ్ పొద్దున ఫోన్ ఆపేసి కూర్చోవడం మాత్రం వద్దు, అవతల పదిమంది ఉంటారు.

తిరిగొచ్చాక ఒక జాగ్రత్త, ఇది పీఈటీగా చెప్తున్నా. ఇంటికి రాగానే ఫ్రెండ్స్ గ్రౌండ్‌కి లాక్కెళ్తారు, మొదటి రోజే ఫుల్ రనప్‌తో వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకు. రెండేళ్లు లోడ్ లేని నడుము అది, ఈ వయసు ఫాస్ట్ బౌలర్లకి వెన్నెముక కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు (ఎముకలో సన్న పగుళ్లు) ఎక్కువగా వచ్చేది లోడ్ ఒక్కసారిగా పెంచినప్పుడే. మొదటి రెండు వారాలు నాలుగడుగుల రనప్‌తో రోజు మార్చి రోజు రెండు మూడు ఓవర్లు చాలు, తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ రెండు నెలలకి ఫుల్ రనప్‌కి రా. నడుము ఒకవైపే నొప్పిగా ఉండి వెనక్కి వంగినప్పుడు ఎక్కువైతే ఆపేసి డాక్టర్‌కి చూపించు, బామ్ రాసుకుని వెయ్యకు.

స్పైక్స్ తీసుకెళ్లకు, పనికిరావు, బ్యాగ్ బరువు దండగ. మంచి రన్నింగ్ షూస్ ఒక జత, స్కిప్పింగ్ తాడు, నాలుగు టెన్నిస్ బాల్స్, రెండు ఇన్సులేషన్ టేప్ చుట్లు పెట్టుకో. బ్యాట్ అక్కడ ఎవరి దగ్గరో ఒకళ్ల దగ్గర ఉంటుంది. మీ అమ్మగారు మోకాలి క్యాప్ కొనిస్తానంటే వద్దనకు.